ఆవకాయ ప్రశ్న

మొన్న ఆదివారం పొద్దున్నే మా రాజమండ్రి ఇంటికి ఇద్దరు పిల్లలు వచ్చారు. ఏదో యూనివర్సిటీలో చదువుతున్నారట. చేతిలో ట్యాబు, మెడలో కార్డు, మొహాన చెమట. యాభై దాటిన ఆడవాళ్ళ ఆరోగ్యం మీద సర్వే చేస్తున్నామని చెప్పి, అందులో అమ్మాయి మర్యాదగా అడిగింది, "మోకాళ్ళ నొప్పులేమైనా ఉన్నాయా అండి?" అని. అప్పటికి పది నిమిషాల ముందే కుడి మోకాలికి నూనె రాసుకుని, గోడ పట్టుకుని లేచి వెళ్ళి తలుపు తీసిన మనిషిని నేను. "అబ్బే, బాగానే ఉన్నానండి. ముందు మీరు కూర్చోండి, కాఫీ తాగుతారా?" అన్నాను. ఆ అమ్మాయి 'లేవు' అన్న గడి నొక్కేసింది. ఆకలి సరిగ్గా వేస్తోందా, వేస్తోందండి. నిద్ర పడుతోందా, ఎందుకు పట్టదండి. ఇలా ఒక్క నిజం కూడా చెప్పకుండా వాళ్ళకి రెండేసి జంతికలు పెట్టి, కాఫీ ఇచ్చి సాగనంపాను. తలుపు వేశాక గాని నేను చేసిన పని నాకు తెలియలేదు. సోఫాలో కూలబడి కళ్ళంట నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాను. ముప్పై ఏళ్ళు కాలేజీ పిల్లలకి బోటనీ పాఠాలు చెప్పి, చూసింది చూసినట్టు రాయమని వాళ్ళ రికార్డుల మీద ఎర్రసిరా పోసినదాన్ని, నేను చేసే పనేనా ఇది? ఈ జబ్బుకి మందు మా చిట్టెమ్మత్త ఎప్పుడో కనిపెట్టింది. ఆ కథ చెప్పాలంటే కడియం దగ్గర మా ఊరికి, నేను ఇంటరు పాసయిన ఏడాదికి వెళ్ళాలి.

మా ఊళ్ళో ఎటు చూసినా నర్సరీలే. మా అమ్మ సత్తెమ్మ ఒక పెద్ద నర్సరీలో గులాబీలకి అంట్లు కట్టేది. అడవి గులాబీ కాండం మీద కత్తితో చిన్న గాటు పెట్టి, బెరడు కాస్త లేపి, మంచి జాతి గులాబీ నుంచి చిగురు వేసే కన్ను తెచ్చి అందులో దూర్చి, ప్లాస్టిక్ పట్టీ చుట్టేయడం ఆ పని. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి వేళ్ళల్లో ఏదో ఉండాలి. బెరడు లేవడానికి సిద్ధంగా ఉందో లేదో మా అమ్మ కళ్ళతో చూసేది కాదు, బొటనవేలితో ఒకసారి రాసి చెప్పేది. "ఇది ఇంకా పచ్చిగా ఉందే, రెండ్రోజులు ఆగాలి" అంటే ఆగాల్సిందే. నేను తర్వాత పెద్ద చదువులు చదివి ఆ బెరడు కింద ఏయే పొరలుంటాయో బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నాను గాని, ఆ వేలు నాకు రాలేదు. పొద్దున్నే మా ఇంట్లో వచ్చే వాసనలు కూడా ఆ పనివే. కొబ్బరినూనె, చద్దన్నంలోకి తరిగిన ఉల్లిపాయ, గుమ్మం పక్కన ఆరేసిన పనిబట్టల్లోంచి తడిమట్టి, పశువుల ఎరువు. తోటలో పురుగుమందు కొట్టిన రోజుల్లో మాత్రం వాటన్నిటి మీదా కుళ్ళిన వెల్లుల్లిలాంటి ఘాటు ఒకటి ఉండేది. నాన్న లారీలకి మొక్కలు ఎక్కించేవాడు. లోడుతో పాటు ఒడిశా దాకా వెళ్ళి, వచ్చాక అక్కడి కూరలు ఎంత చప్పగా ఉంటాయో వారం రోజులు చెప్పేవాడు. ఆవకాయ లేని ఊళ్ళో మనుషులు ఎలా బతుకుతారన్నది ఆయన్ని నిజంగా బాధపెట్టిన ప్రశ్న.

ఆ చలికాలంలో యూనివర్సిటీ నుంచి విశాలాక్షి మేడం వచ్చారు. సన్నగా, పొడుగ్గా, నూలుచీరలో ఉండేవారు. నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్ళ స్థితిగతుల మీద పరిశోధన. వెనకాల ప్రకాష్ అనే విద్యార్థి, అతని భుజాన సంచీ నిండా అచ్చువేసిన ఫారాలు. మా పేటలో ఇంటరు పాసయిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. డిగ్రీలో చేరడం మరుసటి ఏడాదికి వాయిదా పడి ఖాళీగా ఉన్నాను కాబట్టి ఫారాలు నింపడానికి నన్ను తీసుకున్నారు. నా గొప్ప చూడాలి. కొత్త పెన్ను, అట్టకి క్లిప్పు, అమ్మ పెళ్ళిచీరల్లోంచి ఒకటి. ఇంటింటికీ వెళ్ళి "మీ పనిస్థలంలో ఏవైనా ఇబ్బందులు ఉన్నాయా?" అని ఆ అచ్చులో ఉన్న భాషలోనే అడిగేదాన్ని. అందరూ పుట్టినప్పటి నుంచీ నన్ను ఎరిగినవాళ్ళే. అయినా ఆ అట్ట చూసి కొంగు సర్దుకుని, "ఆయ్, ఏమీ లేవండి, బాగానే ఉందండి" అని నన్ను కూడా 'అండి' అనేశారు. యజమాని ఎలా చూసుకుంటారు? బంగారంలాంటి మనిషండి. ఒంట్లో బాగుంటోందా? మీ దయవల్ల బాగుందండి. ప్రతి ఇంట్లోనూ టీ. వద్దంటే కొబ్బరిబోండం. ప్రకాష్‌ది మంచితనం, కాదనలేకపోయేవాడు. ఒక్క రోజులో పదకొండు టీలు తాగి మర్నాడంతా మంచం దిగలేదు.

రెండు వారాల తర్వాత మేడం మళ్ళీ వచ్చి, మా చిట్టెమ్మత్త వాళ్ళ అరుగు మీద ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టారు. చిట్టెమ్మత్త మా నాన్నకి అక్క. నర్సరీలో మొక్కల కవర్లకి మట్టి నింపే గుంపుకి పెద్ద. మాట గట్టి, నవ్వు అంతకన్నా గట్టి. మేడం నవ్వుతూనే అన్నారు, "మీ ఫారాలన్నీ చదివానమ్మా. వాటి ప్రకారం మీ అంత సుఖంగా ఉన్నవాళ్ళు దేశంలోనే లేరు. నేను వచ్చేసి మీ పేటలో ఇల్లు కట్టుకుంటాను."

అందరూ చీరకొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. చిట్టెమ్మత్తే ముందుకొచ్చింది. "మరేం చేస్తామండి మేడంగారూ. మీరు ఎండలో అంతదూరం నుంచి వచ్చారు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి కూర్చోగానే మా ఏడుపులు వినిపిస్తే బాగుంటుందా అండి? తాగిన టీ అయినా ఒంటబట్టద్దా?"

"మరి నేను ఎలా అడగాలి?"

"అడక్కండి. రేపు పొద్దున్న వచ్చి మాతో కూర్చుని కవర్లు నింపండి."

ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. మేడం మర్నాడు ఏడింటికల్లా వచ్చేశారు. నర్సరీ యజమాని సూరిబాబు గారు మొదట తికమకపడి, "కుర్చీ వేయించనా అండి" అన్నారు. మేడం వద్దని గోనెపట్టా మీద కూర్చున్నారు. ఎర్రమట్టి, ఇసుక, ఎరువు కలిపిన కుప్ప మధ్యలో, చుట్టూ మేము. నల్లకవరు ఎడంచేత్తో తెరిచి, కుడిచేత్తో మట్టి పోసి, నేల మీద ఒక్క తట్టు తట్టి నిలబెట్టాలి. మేడం నింపినవి నిలబడేవి కావు. పక్కకి ఒరిగి, ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి పడిపోయేవి. చిట్టెమ్మత్త వాటిని లాక్కుని, గుమ్మరించి, మళ్ళీ నింపేది. "చదువు వేరండి, తట్టడం వేరండి" అనేది. మేడం అందరికన్నా గట్టిగా నవ్వేవారు. ప్రకాష్ అయితే రెండోరోజుకే మాలో కలిసిపోయాడు. అతనికి చిట్టెమ్మత్త ఒక పెళ్ళిసంబంధం కూడా చూసింది.

మూడోరోజుకి మేడం పక్కన ఉన్న సంగతే అందరూ మరిచిపోయారు. చేతులు పనిలో ఉంటే మా వాళ్ళ నోళ్ళు ఆగవు, అదీ మేడంతో కాదు, ఒకళ్ళతో ఒకళ్ళు. సాయంత్రం మందు కొట్టిన మడిలోకి పొద్దున్నే దింపేయడం, ఆకుల మీద తడి చేతులకి అంటుకోవడం, దద్దుర్లు, ఊడే తోలు అన్నీ బయటికొచ్చాయి. మధ్యాహ్నం క్యారేజీలు విప్పారు. నేను ఆవకాయ సీసా అందరికీ తిప్పుతుంటే ముగ్గురు వద్దన్నారు. ఒకామె వేడి చేస్తుందంది, ఒకామె కడుపులో మంటంది. చిట్టెమ్మత్త వాళ్ళకేసి చూసి, "మీ కడుపుల్లో కాదే మంట, చేతుల్లో. కారం తగిలితే పగుళ్ళు భగ్గుమంటాయని మానేశారు. నాకు తెలీదనుకున్నారా? నేనూ మానేశాను" అంది. మేడం తన చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, మెల్లగా అడిగారు, "ఇది నేను రాసుకోవచ్చా? మీరు వద్దంటే రాయను. రాస్తే ఎలా అడగాలో మీరే చెప్పాలి."

అలా పాత ఫారాలు పక్కకి పోయాయి. ఆ మర్నాడు ఆడవాళ్ళే ప్రశ్నలు తయారుచేశారు. అచ్చులో ఉన్న 'చర్మ సంబంధిత సమస్యలు' అన్నదాని బదులు, చిట్టెమ్మత్త చెప్పింది చెప్పినట్టు నేను రాశాను: 'చేత్తో కలుపుకుని ఆవకాయ అన్నం తిని ఎన్నాళ్ళయింది?' అంతే ప్రశ్న. దానికి 'బాగానే ఉందండి' అన్న జవాబు కుదరదు. గోదావరి జిల్లాల్లో ఆవకాయ విషయంలో మర్యాద కోసం అబద్ధం చెప్పే మనిషి ఉండదు. ఈసారి అడిగింది కూడా ఇంట్లో కూర్చుని కాదు. అంట్లు కట్టేవాళ్ళ పక్కన అంట్లు కడుతూ, కవర్ల దగ్గర కవర్లు నింపుతూ. ఎవరు ఏ మడిలో ఎప్పుడు దిగారో, అంతకుముందు మందు ఎప్పుడు కొట్టారో కూడా వాళ్ళే చెప్పారు, నేను రాశాను. వారం తిరిగేసరికి ఏ మడుల్లో పనిచేసినవాళ్ళు ఆవకాయ మానేశారో కాగితం మీద చిన్నపిల్లకి కూడా కనపడేలా తేలిపోయింది. నాకు ఆ కాగితం చూస్తుంటే ఎంత ఉత్సాహంగా ఉండేదో. నా జీవితంలో నేను చేసిన మొదటి పరిశోధన అదే.

ఒక్కరు మిగిలిపోయారు, మా అమ్మ.

నిజానికి ఆ ఏడాది దసరాల ముందు నుంచీ అమ్మ చెంచాతో అన్నం తింటోంది. నాన్న "దొరసాని గారు" అని ఏడిపించేవాడు. నేను కూడా వంత పాడేదాన్ని. అమ్మ కూడా నవ్వేది. ఇంటింటికీ తిరిగి అందరి చేతుల గురించీ అడిగిన దాన్ని, మా ఇంట్లో చెంచా నాకు కనపడలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. ఆరోజు మధ్యాహ్నం గులాబీ మడి గట్టు మీద అమ్మ పక్కన కూర్చుని పట్టీలు అందిస్తూ అడిగాను, "అమ్మా, ఆవకాయ మానేసి ఎన్నాళ్ళయింది?"

"నన్ను కూడా రాస్తావేంటే?"

"రాయనులే, చెప్పు."

అమ్మ గాటు పెట్టబోయి ఆగింది. కాండం మీద బొటనవేలు రాసింది, మళ్ళీ రాసింది. "తెలియట్లేదే మణీ" అంది మామూలుగా, ఉప్పు అయిపోయిందన్నట్టు. "బెరడు లేస్తోందో లేదో తెలియట్లేదు. వేలు మొద్దుబారిపోయింది. మీ అత్త వెనకాలే వచ్చి చూసి చెప్తోంది. ఆవిడకి తెలిసినంతే. నేను కట్టినవి సగం చచ్చిపోతున్నాయి." ఆ వేళ్ళతోనే అమ్మ ఊళ్ళో పేరు తెచ్చుకుంది. అది పోతే తన దగ్గర ఇంకేముందని భయపడి మూడు నెలలుగా అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నేను అక్కడే గట్టు మీద ఏడ్చేశాను. అమ్మ నన్ను ఓదార్చడానికి చెయ్యి చాపి, మందు అంటుకుంటుందని వెనక్కి తీసుకుంది.

రాయనన్నా ఉండబట్టలేక అదంతా ఒక కాగితం మీద రాసి మేడంకి ఇస్తే ఆవిడ వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నారు. "సత్తెమ్మ గారూ, మీ కాగితం కలపకపోయినా పని జరుగుతుంది. కలిపితే మీరెవరో యజమానికి తెలిసిపోతుంది. మీ ఇష్టం. వద్దంటే ఇప్పుడే చింపేస్తాను" అన్నారు. ఈలోగా సూరిబాబు గారికి విషయం తెలియనే తెలిసింది. యూనివర్సిటీ వాళ్ళు మా ఆడవాళ్ళ బుర్రలు పాడుచేస్తున్నారని రెండు రోజులు గేటు దగ్గర చిందులు తొక్కారట. లారీలు వచ్చే కాలం అది. మందు కొట్టిన మడిలోకి రెండురోజులు దిగేది లేదని ఆడవాళ్ళంటే పని ఎలా సాగుతుందని ఆయన గొడవ. మర్నాడు పొద్దున్న అమ్మ జడ వేసుకుంటూ నాతో అంది, "చింపొద్దని చెప్పు. ఆయనతో నేనే చెప్తాను."

నర్సరీ షెడ్డులో అందరం కూడాం. సూరిబాబు గారు మొహం గంటు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. మేడం మాట్లాడతారనుకున్నాం. ఆవిడ గోనెపట్టా మీద మా మధ్యే కూర్చుండిపోయారు. అమ్మ లేచి, ఒక ట్రేలో ఎండిపోయిన గులాబీ అంట్లు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఇవి నేను కట్టినవేనండి బాబుగారూ. అన్నీ చచ్చిపోయాయండి."

ఆయన నమ్మలేదు. కుర్చీ దిగి కింద కూర్చుని ఒక్కొక్క మొక్కా తీసి పట్టీ విప్పి చూశారు. ఎంతైనా మొక్కల మనిషి. "నువ్వు కట్టినవి చావడమేంటి సత్తెమ్మా" అన్నారు.

"బొటనవేలికి బెరడు తెలియట్లేదండి. దసరాల ముందు నుంచి."

"మరి నాతో చెప్పద్దా?"

"మీరు కనపడినప్పుడల్లా ఎలా ఉన్నావు సత్తెమ్మా అంటారు. బాగానే ఉన్నానండి అంటాను. అంతే కదండీ మన మాటలు."

ఆయన విప్పిన పట్టీని మళ్ళీ ఆ ఎండిన అంటుకే చుట్టడం మొదలుపెట్టారు. ఆ పైన అమ్మే నెమ్మదిగా చెప్పింది, తోటంతా ఒకేసారి మందు కొట్టించక్కర్లేదని, మడులు వంతులవారీగా కొట్టిస్తే, మందు పడిన మడి మొదట్లో ఒక ఎర్రగుడ్డ పాతి, రెండ్రోజులు వేరే మడుల్లో పని చేసుకుంటామని, లారీ ఒక్కటి కూడా ఆగదని. ఏ మడి తర్వాత ఏ మడో ఆడవాళ్ళు ముందే లెక్క వేసుకుని ఉంచారు. ఆయన రెండుసార్లు అడ్డు ప్రశ్న వేశారు, రెండింటికీ చిట్టెమ్మత్త దగ్గర జవాబుంది. చివరికి ఆయన లేచి, "ఎర్రగుడ్డ మా ఇంట్లోదే ఇస్తాను" అని మాత్రం అన్నారు. చిట్టెమ్మత్త ప్రకాష్ వీపు మీద చరిచిన చరుపుకి అతను ముందుకి తూలాడు. ఆరోజు మేము నింపిన కవర్లలో సగం సరిగ్గా నిలబడలేదు, చేతులు నవ్వులకే సరిపోయాయి.

ఆ ఎండాకాలంలోపే చుట్టుపక్కల నర్సరీల్లో కూడా ఎర్రగుడ్డలు లేచాయి. ఇప్పుడు చేతులకి తొడుగులు వచ్చాయి, రకరకాల మందులు వచ్చాయి, గూడ్సు బండ్ల నిండా మొక్కలు పోతున్నాయి. సర్వేలకీ కొదవలేదు, ట్యాబుల్లో వేలితో నొక్కితే ఢిల్లీ దాకా వెళ్ళిపోతాయట. అవన్నీ మంచివే, నేను వద్దనను. కాని పక్కన కూర్చుని మట్టి నింపే తీరిక ఉన్నవాళ్ళు తగ్గారు. మా ఇంటికి వచ్చిన ఆ పిల్లలదేం తప్పు లేదు, రోజుకి ఇన్ని ఇళ్ళు అని వాళ్ళకి ఎవరో గీత గీసి పంపి ఉంటారు. నాకు ఈరోజుకీ ఏ కొత్త విద్యార్థిని చూసినా మేడం కవర్లు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోవడమే గుర్తొస్తుంది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది సిలబస్‌లో లేదు.

ఏడాది తిరిగాక మేడం ఆ నివేదిక అచ్చు వేయించి, తానే పట్టుకొచ్చారు. నేను అప్పటికి డిగ్రీలో చేరి, సెలవులకి ఇంట్లో ఉన్నాను. పరిశోధకుల పేర్లు ఉన్న మొదటి పేజీలో మేడం పేరు, ప్రకాష్ పేరు, వాటి కిందే అంతే పెద్ద అక్షరాల్లో మా ఆడవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి. చిట్టెమ్మత్త తన పేరు దగ్గర గోరుతో గీత పెట్టించుకుని ఊరంతా తిప్పడానికి ఒక కాపీ పట్టుకుపోయింది. అమ్మకి చదువు రాదు. గుమ్మంలో కూర్చుని, చేతులు చీరకి రెండుసార్లు తుడుచుకుని, "నాది ఎక్కడే?" అంది. నేను ఆవిడ బొటనవేలు పట్టుకుని సత్తెమ్మ అన్న అక్షరాల మీద పెట్టాను. అమ్మ ఆ వేలిని అటూ ఇటూ మెల్లగా రాసింది. అక్షరాలు చూడటం మానేసి నా మొహంలోకి చూసింది.

"కాగితం నున్నగా ఉందే మణీ" అంది.